బడి లైబ్రరీలో పుస్తకాలెన్ని, స్క్రీన్ ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లైబ్రేరియన్ పోస్టు ఉండటం అరుదు. ఎక్కువ చోట్ల తెలుగు టీచరుకో, సోషల్ టీచరుకో బీరువా తాళాలు అప్పజెబుతారు. పాఠాలు, పరీక్షలు, ఆన్‌లైన్ ఎంట్రీల మధ్యే లైబ్రరీ కూడా చూసుకోవాలి. ఇప్పుడు దానికి ట్యాబ్‌లు, స్మార్ట్ టీవీ, రోజుకో లింకు తోడయ్యాయి. అలా లైబ్రరీ బాధ్యత మీద పడ్డ టీచర్లు, హెచ్‌ఎంలు, తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. ప్రైవేటు బడులకూ చాలావరకు పనికొస్తాయి.

అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా, ఇంకా పుస్తకాలు కొనడం దేనికి?

దొరికినంత మాత్రాన చదివినట్టు కాదు, చదివినంత మాత్రాన బుర్రకెక్కినట్టూ కాదు. స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి, 2000 నుంచి 2017 దాకా ఈ విషయం మీద వచ్చిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2018లో ఫలితాలు ప్రచురించారు. వాటన్నిటిలో పాల్గొన్నవాళ్లు 1,70,000 మందికి పైనే. స్క్రీన్ మీద చదివినవాళ్ల కంటే కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమైందని తేలింది. తేడా మరీ పెద్దదేమీ కాదు. కానీ గడియారం చూసుకుంటూ చదవాల్సి వచ్చినప్పుడు, సమాచారం నిండిన పాఠాలు చదివేటప్పుడు అది బాగా కనబడింది. మన పదో తరగతి పిల్లలు సైన్సు, సోషల్ చదివేది సరిగ్గా అలాగే.

అలవాటైతే ఈ తేడా పోతుందని చాలామంది అనుకుంటారు. అదే పరిశీలనలో ఏళ్లు గడిచేకొద్దీ కాగితం ఆధిక్యం తగ్గలేదు, పెరిగింది. స్క్రీన్ చేతికి రాగానే కళ్లు పరుగెత్తడం మొదలుపెడతాయి, వేలు పైకి తోస్తూ ఉంటుంది. పిల్లల పక్కన కూర్చుని చూసే టీచరుకు ఇది కొత్త విషయం కాదు.

తరగతి గదుల్లోకి కంప్యూటర్లు ముందుగా తెచ్చుకున్న దేశాల్లో ఒకటైన స్వీడన్, 2023లో అచ్చు పాఠ్యపుస్తకాల కోసం 68.5 కోట్ల క్రోనార్లు కేటాయించింది. మనం ఇంకా బీరువాలే నింపుకోలేదు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మన బడుల్లో ముందు కాగితం, దానికి తోడుగా డిజిటల్. డిజిటల్‌కు బోలెడు పనులున్నాయి, అవి ఈ పేజీలోనే ముందు ముందు వస్తాయి. కానీ పుస్తకం స్థానంలో దాన్ని కూర్చోబెట్టకూడదు.

కథల పుస్తకాలైతే స్క్రీన్ మీద చదివినా ఫర్వాలేదా?

పెద్ద పిల్లలకు ఫర్వాలేదు. పైన చెప్పిన పరిశీలనలో కథల విషయంలో కాగితానికీ స్క్రీన్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఫోన్‌లో నవల చదువుతుంటే సంతోషించండి, చదవనివ్వండి.

చిన్న పిల్లల సంగతి వేరు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల మీద జరిగిన 39 అధ్యయనాలను కలిపి చూసిన పని ఒకటి 2021లో వచ్చింది. ఒకే బొమ్మల పుస్తకాన్ని కాగితం మీదా, స్క్రీన్ మీదా ఇస్తే కాగితం మీదే కథ బాగా అర్థమైంది. కదిలే బొమ్మలు, శబ్దాలు కథకు సాయం చేసేలా ఉంటే మాత్రం డిజిటల్ పుస్తకానిదే పైచేయి. నొక్కితే అర్థం చెప్పే నిఘంటువు పెడితే కొత్త మాటలు వచ్చాయి గానీ, కథ అర్థం కావడానికి అది సాయపడలేదు. అంటే ‘డిజిటల్’ అని రాసి ఉన్నంత మాత్రాన మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఒక్కో పుస్తకాన్నీ తెరిచి చూడాల్సిందే.

తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘జ్యోత్స్న’ లాంటి మాట చిన్న ఫోన్ తెర మీద చూడండి: త కింద స, దాని పక్కనో కిందో న, అన్నీ చీమ తలకాయంత. వరసల మధ్య ఖాళీ తక్కువైతే పై వరస వత్తులు కింది వరస గుళ్లకు తగులుతాయి. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్న మూడో తరగతి పిల్లవాడికి అది చదువు కాదు, కంటికి పరీక్ష. అయిదో తరగతి దాకా పెద్ద అక్షరాల అచ్చు పుస్తకమే చేతికివ్వండి. స్క్రీన్ వాడాలనుకుంటే అందరూ కలిసి చూసే పెద్ద తెర వాడండి.

గ్రాంటు డబ్బును ఎలా పంచుకోవాలి?

బడులకు నిధులిచ్చే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద లైబ్రరీ గ్రాంటు బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు ఉంటుంది. కొన్నిసార్లు డబ్బు బదులు పై నుంచి పుస్తకాలే వస్తాయి, అప్పుడు ఎంచుకునే అవకాశం ఉండదు. చేతికి డబ్బు వచ్చిందనుకుని చెబుతాను.

15,000 ఉంటే పన్నెండు వేలు పుస్తకాలకు పెట్టండి. పిల్లల తెలుగు పుస్తకాలు మరీ ఖరీదేమీ కాదు. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం లాంటి సంస్థలవి చాలావరకు వంద రూపాయల లోపే దొరుకుతాయి. పిల్లలకు బాగా నచ్చే పుస్తకమైతే ఒకటికి నాలుగైదు ప్రతులు కొనండి. ఒకే పుస్తకం నలుగురు చదివితే దాని గురించి మాట్లాడుకుంటారు, అయిదోవాడు వచ్చి అడుగుతాడు. రెండు వేలు దినపత్రికకో, పిల్లల పత్రికలకో, అట్టలు, టేపు, రిజిస్టర్లకో ఉంచండి. మిగిలిన వెయ్యితో ఒక మంచి పెన్‌డ్రైవ్, ఒక మెమరీ కార్డు వస్తాయి. డిజిటల్‌కు ఇంత తక్కువేమిటని అడగొచ్చు. తెలుగు పిల్లలకు పనికొచ్చే మంచి డిజిటల్ వనరుల్లో ఎక్కువభాగం ఉచితమే, అందుకే.

ఏడాది చందా కట్టించుకునే ఈ-బుక్ ప్యాకేజీలు అమ్మడానికి ఏజెంట్లు వస్తుంటారు. ఒకే ఒక్క ప్రశ్న అడగండి: వచ్చే ఏడాది చందా కట్టకపోతే మా దగ్గర ఏం మిగులుతుంది? ఏమీ మిగలదంటే చిన్న బడికి ఆ బేరం వద్దు. అచ్చు పుస్తకమైతే గ్రాంటు రాని ఏడాది కూడా అలమరలోనే ఉంటుంది.

ఏవి అచ్చులో ఉండాలి, ఏవి డిజిటల్‌లో చాలు?

అచ్చులో: కథలు, బొమ్మల పుస్తకాలు, జీవిత చరిత్రలు, పద్యాలు, శతకాలు. వీటితోపాటు నిఘంటువు, అట్లాసు. నిఘంటువులో ఒక మాట వెతికేటప్పుడు దారిలో మరో నాలుగు మాటలు కళ్లబడతాయి. అట్లాసును బల్ల మీద పరిచి ముగ్గురు పిల్లలు కలిసి గోదావరి వెంట వేలు పెట్టుకుని పోవచ్చు.

డిజిటల్‌లో: ఏటా పాతబడే జీకే, కరెంట్ అఫైర్స్ పుస్తకాలు, జనాభా లెక్కలు, స్కాలర్‌షిప్ నోటిఫికేషన్లు, పాత ప్రశ్నపత్రాలు, సైన్సు ప్రయోగాల వీడియోలు. పెద్ద సైజు విజ్ఞాన సర్వస్వాల సెట్లు ఇప్పుడు కొనొద్దు. వాటి ధరకు యాభై అరవై పిల్లల పుస్తకాలు వస్తాయి.

రెండు రూపాల్లోనూ ఉండాల్సినవి పాఠ్యపుస్తకాలు. మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే ప్రభుత్వ దీక్షా యాప్‌లోని పాఠాలు తెరుచుకుంటాయి. ఆ కోడ్‌లు చాలామంది పిల్లలు స్కాన్ చేయకుండానే ఏడాది గడిచిపోతుంది. లైబ్రరీ పీరియడ్‌లో ఒకసారి చేసి చూపిస్తే చాలు.

తెలుగులో నమ్మదగిన ఉచిత డిజిటల్ వనరులు ఏవి?

నేను మొదట చెప్పేది స్టోరీవీవర్ అనే కథల సైటు. ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు మొదలుపెట్టింది. తెలుగు బొమ్మల కథలు చదివే స్థాయిని బట్టి విభజించి ఉంటాయి. పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి రచయిత, చిత్రకారుల పేర్లు చెబుతూ ఎంతమందికైనా పంచొచ్చు, కోయలోకో లంబాడీలోకో అనువదించుకోవచ్చు కూడా. గిరిజన ప్రాంతాల బడులకు ఈ సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే ఆ భాషల్లో పిల్లల పుస్తకాలు బజార్లో దాదాపు దొరకవు.

తరవాత దీక్షా, కేంద్ర ప్రభుత్వం పిల్లల కోసం పెట్టిన ఉచిత ఈ-పుస్తకాల లైబ్రరీ రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ పై తరగతులకు, టీచర్లకు ఎక్కువ పనికొస్తుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఊళ్లు, నదులు, స్థానిక చరిత్రల మీద వ్యాసాలు చాలా ఉన్నాయి. దాన్ని మొదటి మెట్టుగా వాడమనండి, మరో చోట సరిచూసుకున్నాకే ప్రాజెక్టులో రాయమనండి.

మా ఊళ్లో నెట్ సరిగా రాదు. కరెంటూ అంతే. మాకు డిజిటల్ అనవసరమేనా?

అనవసరం కాదు. నెట్ ఉన్నచోట దింపుకుని, లేనిచోట వాడుకోవచ్చు. కివిక్స్ అనే ఉచిత యాప్‌తో తెలుగు వికీపీడియాను ఒకసారి దింపుకుంటే తరవాత నెట్ లేకుండా చదవొచ్చు, వెతకొచ్చు. కోలిబ్రి అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌లో పెడితే, అదే గదిలోని ట్యాబ్‌లన్నీ ఇంటర్నెట్ లేకుండానే దాంట్లోని పాఠాలు తెరుస్తాయి. స్టోరీవీవర్ కథలను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి స్మార్ట్ టీవీ మీద పెడితే తరగతంతా కలిసి చదవొచ్చు. ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు అక్షరాల వెంట వస్తారు. బాగా నచ్చిన కథలను మండల కేంద్రంలో ప్రింటు తీయించి మధ్యలో పిన్ను కొట్టి అలమరలో పెట్టండి. అలా డిజిటల్ నుంచి వచ్చిన కథ మళ్లీ కాగితం అవుతుంది. చిన్న బడికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు.

పుస్తకాన్ని చదివేవాళ్ల దగ్గరికి మోసుకెళ్లడం మన నేలకు కొత్త కాదు. 1930ల్లో కృష్ణా కాలువల మీద పడవల్లో గ్రంథాలయాలు నడిపారు. దారి లేదని ఆగిపోయి ఉంటే ఆంధ్ర గ్రంథాలయోద్యమమే ఉండేది కాదు.

పుస్తకాలు ఇళ్లకిస్తే పోతాయి, ఆడిట్‌లో నన్ను అడుగుతారు. బీరువా తెరవడానికే భయం. ఏం చేయాలి?

లైబ్రరీ గురించి వచ్చే ప్రశ్నల్లో అసలైనది ఇదే. చాలా బడుల్లో సమస్య అచ్చా డిజిటలా అన్నది కాదు. కొన్న పుస్తకాలు తాళం వెనక ఉన్నాయి, అంతే. పుస్తకాలు పోతాయన్న భయంతో బీరువా మూసేసి, ‘పిల్లలు పుస్తకాలు చదవట్లేదు, అందుకే ట్యాబ్‌లు’ అనేస్తున్నాం. పుస్తకం చేతికే రాని పిల్లవాడు దాన్ని వద్దన్నాడని ఎలా అంటాం?

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు, అంటే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, ఈ విషయంలో చాలా ఇంగితంగా ఉన్నాయి. 215వ నిబంధన ప్రకారం, ఏడాదిలో ఇచ్చిన లేదా అక్కడే చూసుకున్న ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమే, మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లాంటి కేంద్ర సంస్థలకు ఇదే ఆధారం. రాష్ట్ర బడుల వాళ్లు తమ శాఖ ఉత్తర్వులు చూసుకోవాలి. ఆ ఉత్తర్వుల్లో స్పష్టత లేకపోతే, ఏడాది మొదట్లోనే హెచ్‌ఎం, పాఠశాల కమిటీ కలిసి తీర్మానం రాసుకోవడం మంచిది: చిరిగినవి, పోయినవి ఏటా ఒకసారి లెక్క చూసి కమిటీ సంతకంతో తీసేస్తాం అని.

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు ఉండాలని రాసి ఉంది. కథల పుస్తకాలని ప్రత్యేకంగా రాశారు చూడండి. అవి బీరువాలో పెట్టి లెక్కపెట్టుకోవడానికి కాదు కదా.

ఇచ్చే పని పిల్లలకే అప్పజెప్పండి. ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరు, తొమ్మిది నుంచి ఇద్దరు. రిజిస్టరులో తేదీ, పుస్తకం నంబరు, పేరు, సంతకం. టీచరు కంటే వాళ్లే గట్టిగా వసూలు చేస్తారు.

ట్యాబ్ ఇస్తే గేములు, రీల్స్. ఎలా ఆపాలి?

పల్లె పిల్లల చదువు తీరును లెక్కగట్టే అసర్ సర్వే 2024లో జరిగినప్పుడు 14–16 ఏళ్ల పిల్లల్లో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పారు. అంతకుముందు వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. కాబట్టి వాడటం నేర్పక్కర్లేదు, దేనికి వాడాలో నేర్పాలి.

లైబ్రరీలో ఒక చిన్న పద్ధతి పెట్టుకోవచ్చు. ట్యాబ్ తీసుకునే ముందు చీటీ మీద ఒక ప్రశ్న రాయాలి. ‘పక్షులు’ అని రాస్తే చాలదు. ‘కొల్లేరు దగ్గరి ఆటపాకకు గూడబాతులు ఏ నెలలో వస్తాయి?’ అని రాయాలి. ఇద్దరికి ఒక ట్యాబ్, ఇరవై నిమిషాలు. దొరికిన జవాబు చీటీ వెనక రాయాలి, ఎక్కడ దొరికిందో కూడా రాయాలి. తరవాత అలమర దగ్గరికి వెళ్లి అదే విషయం మీద ఒక పుస్తకం వెతకాలి. గూడబాతుల ప్రశ్న రాసిన పిల్లలకు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గురించిన పుస్తకం కనబడితే వాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్తారు. తెరలు గోడ వైపు కాకుండా గది వైపు తిరిగి ఉండేలా కూర్చోబెడితే సగం గొడవ అక్కడే తీరుతుంది.

పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు అడిగే యాప్‌లకు దూరంగా ఉండండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. లాగిన్ లేకుండా చదవగలిగేవి ఉండగా లాగిన్ కావాలనేవి ఎందుకు?

వాట్సాప్ గ్రూపుల్లో తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు వందల కొద్దీ వస్తున్నాయి. బడిలో వాడొచ్చా?

అన్నీ కాదు. మన దేశంలో రచయిత బతికున్నంత కాలం, చనిపోయాక మరో 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం, 1940లో పోయిన గిడుగు రాసినవి ఎవరైనా వాడుకోవచ్చు. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా కాపీరైటు ఉంది. పాఠం చెప్పే సందర్భంలో టీచరు ఒక భాగాన్ని నకలు తీసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మొత్తం పుస్తకాన్ని గ్రూపులో పెట్టి ఊరంతా పంచడానికి ఒప్పుకోదు. తెలుగులో పిల్లల కోసం రాసేవాళ్లే తక్కువ, వాళ్ల పుస్తకం ఒక ప్రతి కూడా అమ్ముడుపోకుండా పీడీఎఫ్‌గా తిరిగితే తరవాతి పుస్తకం రాదు. ఎనభై రూపాయల పుస్తకమే కదా, కొనండి.

క్యాటలాగు కోసం సాఫ్ట్‌వేర్ కావాలా?

వెయ్యి పుస్తకాల లోపైతే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే యాక్సెషన్ రిజిస్టరుతోపాటు ఒక ఎక్సెల్ షీటు చాలు. అంతకు మించితే ఉచితంగా దొరికే కోహా, లేదా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ చూడొచ్చు. ఏది వాడినా పుస్తకం పేరు తెలుగు లిపిలో, యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా ఒకేలా కనబడే పద్ధతి) టైపు చేయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఒకరు ఒకలా, మరొకరు ఇంకోలా రాస్తారు, వెతికితే దొరకదు. పాత అను ఫాంట్ల ఫైళ్లదీ అదే బాధ. ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనబడతాయి, వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పుస్తకాలను విషయాన్ని బట్టి నంబర్లతో విభజించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. హైస్కూలుకు అది సరే. చిన్న తరగతులకు నంబర్లు వద్దు, చదివే స్థాయిని బట్టి వీపు మీద రంగు టేపు అంటించండి. అదే షీటులో డిజిటల్ వనరులనూ చేర్చండి, లేకపోతే ఉన్నాయన్న సంగతే ఎవరికీ తెలియదు. పక్షుల పుస్తకం లోపలి అట్ట మీద పక్షి కూతలుండే జెనో-కాంటో సైటు క్యూఆర్ కోడ్ అంటిస్తే పిల్లలు బొమ్మ చూస్తూ కూత వినొచ్చు.

చూపు సరిగా లేని పిల్లలకు ఏం చేయగలం?

ఇక్కడ డిజిటల్‌దే మొదటి స్థానం. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో చూపు సమస్య ఉన్నవాళ్లు, అచ్చు చదవలేనివాళ్లు సభ్యులుగా చేరి పుస్తకాలు దింపుకుని వినొచ్చు, పెద్ద అక్షరాల్లో చదువుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి: స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్ అంటే బొమ్మే, దాన్ని ఫోన్ చదివి వినిపించలేదు. యూనికోడ్ అక్షరాలున్న ఫైలే కావాలి. ఒక్క పిల్లవాడి కోసమైనా బడిలోని ఒక ట్యాబ్‌ను పూర్తిగా కేటాయించడం న్యాయమే.

పాత పుస్తకాలు ఎప్పుడు తీసేయాలి?

పాత సిలబస్ గైడ్లు, జిల్లాల హద్దులు మారకముందు అచ్చయిన పటాలు, పేజీలు ఊడిపోయినవి ఏటా ఒకసారి తీసేయండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి, ఆ పటాలు అలమరలో ఉంటే పిల్లలు తప్పే నేర్చుకుంటారు. డిజిటల్‌కూ ఇదే వర్తిస్తుంది: తెరుచుకోని లింకులు షీటు నుంచి కొట్టేయండి.

లైబ్రరీ చూసే టీచరు బదిలీ అయితే?

అచ్చు పుస్తకాల చార్జ్ ఇవ్వడం అందరికీ తెలుసు, రిజిస్టరు చూసి సంతకం పెడతారు. డిజిటల్ వనరుల చార్జ్ ఎవరూ ఇవ్వరు. ఖాతాలు టీచరు సొంత ఫోన్ నంబరు మీద, సొంత మెయిల్ మీద ఉంటాయి. ఆయన వెళ్లిన మర్నాటి నుంచి ఓటీపీ ఆయన కొత్త బడికి పోతుంది, ట్యాబ్‌ల పిన్ నంబరు ఎవరికీ తెలియదు, సంవత్సరాల తరబడి దింపుకున్న కథల పెన్‌డ్రైవ్ ఎక్కడుందో తెలియదు.

బడి పేరు మీద ఒక మెయిల్ ఐడీ తెరవండి, ఖాతాలన్నీ దాని మీదే పెట్టండి. రికవరీ నంబరుగా హెచ్‌ఎం ఆఫీసు ఫోన్ ఇవ్వండి. పాస్‌వర్డులు, పిన్‌లు ఒక కాగితం మీద రాసి కవరులో సీలు చేసి ఆఫీసు బీరువాలో ఉంచండి, మార్చినప్పుడల్లా కొత్త కవరు. దింపుకున్న ఫైళ్లన్నిటి నకలు రెండో పెన్‌డ్రైవ్‌లో ఆఫీసులోనే ఉండాలి. చార్జ్ ఇచ్చే రోజున కొత్త టీచరు ఎదురుగా ప్రతి ట్యాబ్ తెరిచి, ప్రతి ఖాతాలోకి ఒకసారి వెళ్లి చూపించి, ఆ తరవాతే ఇద్దరూ రిజిస్టరులో సంతకాలు పెట్టండి.